విరిగి వచ్చినవాడి గోడు: తెలుగు యుద్ధకథల్లో సైనికుడి మనసు

పాలేటి ఒడ్డున జరిగిన పోరులో ఓడి ఖడ్గతిక్కన నెల్లూరికి తిరిగి వచ్చాడు. ఇంట్లో స్నానానికి నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఆ చోటికి మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది భార్య చానమ్మ. అది ఆడవాళ్ల స్నానానికి చేసే ఏర్పాటు. ఇదేమిటని అడిగితే, శత్రువుకు వెన్నిచ్చి వచ్చాక ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురమూ ఆడవాళ్లమే కదా, ఇంకా సంకోచం దేనికని ఎత్తిపొడిచింది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. కొడుకు యుద్ధంలో విరిగి వచ్చాడు కాబట్టి పాలూ విరిగాయంది. తిక్కన మళ్లీ కత్తి పట్టి వెళ్లాడు. గొల్లల నాయకుడు కాటమరాజు పక్షాన నిలిచిన బ్రహ్మరుద్రయ్యతో తలపడ్డాడు. ఇద్దరూ అక్కడే ప్రాణాలు విడిచారు.

పదమూడో శతాబ్దం నాటి ఈ ఘట్టం చాటుపద్యాల్లోనూ, కాటమరాజు కథల్లోనూ నిలిచింది. చంద్రశేఖరపురం, కనిగిరి, పామూరు మెట్టనేలల్లో జీవాలు మేపుకునేవాళ్లకు ఈ యుద్ధకారణాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వానలు లేక గడ్డి కరువైంది. కాటమరాజు మందలు ఖడ్గతిక్కన కొలిచిన నెల్లూరు రాజు మనుమసిద్ధి ఏలుబడిలోని బీళ్లకు దిగాయి. పుల్లరి (మేత పన్ను) దగ్గర తగాదా మొదలైంది. అది పెరిగి పెరిగి యుద్ధమైంది. గొల్లల కోసం కొమ్మువారు తరతరాలుగా పాడుతూ వచ్చిన ఈ వీరగాథల్ని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి, పరిష్కరించి ప్రచురించారు. పాటగా మనకు దక్కిన రూపం యుద్ధం జరిగిన చాలాకాలానికి కుదురుకున్నది. అందుకే ఈ వ్యాసం దాన్ని చరిత్రగా కాక కథగానే చదువుతుంది. యుద్ధంలో ఏం జరిగిందన్నది చరిత్రకారుల పని. యుద్ధం నుంచి వచ్చినవాణ్ణి సమాజం ఏమడిగిందన్నది కథ చెబుతుంది.

ఖడ్గతిక్కన ఇంట్లో ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. ఎంతమంది పోయారని గాని, ఎదురుగా ఏం చూశావని గాని, గాయాలేమైనా తగిలాయా అని గాని ఒక్క ప్రశ్న లేదు. భార్యకు మాట ఉంది, తల్లికి మాట ఉంది. తిక్కనకు మాత్రం ఇదేమిటన్న ఒక్క ప్రశ్న తప్ప మాట లేదు. తోడి ఉంచిన నీళ్లు, పసుపు ముద్ద, విరిగిన పాలు అతని మనసులోకి వెళ్లడానికి కథ మనకిచ్చిన ఆధారాలు. ఆ మనసు ఏమన్నదో మాత్రం కథ చెప్పదు. యుద్ధభూమిలో కలిగిన భయం కన్నా ఇంటి గడపలో ఎదురైన సిగ్గు అతన్ని చావుదాకా తోసింది. తెలుగు యుద్ధకథల్లో సైనికుడి మనోభారం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. అది శత్రువు మోపిన బరువు కాదు, ఇల్లు మోపినది.

ఈ ఖడ్గతిక్కన, మహాభారతంలో పదిహేను పర్వాలు తెనిగించిన కవి తిక్కనకు పెదతండ్రి కొడుకు. ఆ ఇంటి వంశక్రమం కేతన దశకుమారచరిత్రలో ఉంది. కవి తిక్కన తన రచన మొదలుపెట్టింది విరాటపర్వంతో. యుద్ధభయాన్ని తెలుగులో అంత దగ్గరగా చూపిన తొలి ఘట్టాల్లో ఒకటి ఆ పర్వంలోనే ఉంది. అన్నదమ్ముల బిడ్డలిద్దరిలో ఒకడు యుద్ధంలో వెనుదిరిగిన వీరుడుగా కథకెక్కడం, ఇంకొకడు యుద్ధాన్ని చూసి పారిపోయిన కుర్రవాడి కథ రాయడం కాకతాళీయమే కావచ్చు. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే చాలా విషయాలు బయటపడతాయి.

అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ప్రగల్భాలు పలికిన విరాటరాజు కొడుకు ఉత్తరుడు కౌరవసేనను చూడగానే వణికిపోయాడు. రథం దూకి పరుగెత్తాడు. బృహన్నల వేషంలోని అర్జునుడు వెంటపడి పట్టుకున్నాడు. వదిలెయ్యమని ఉత్తరుడు బతిమాలాడు. జనం జ్ఞాపకంలో మిగిలింది ఇంతే. ఉత్తరకుమార ప్రగల్భాలు అన్న మాట ఈనాటికీ ఎద్దేవా చెయ్యడానికే వాడతారు. ఆ తరువాత జరిగింది ఆలోచించదగ్గది. అర్జునుడు అతన్ని ఇంటికి తరమలేదు, ఆడదానివని గేలి చెయ్యలేదు. ధైర్యం చెప్పి, యుద్ధం నేను చేస్తాను నువ్వు రథం తోలమని పగ్గాలు చేతికిచ్చాడు. జమ్మిచెట్టు దగ్గర తానెవరో చెప్పాడు, తన పది పేర్లూ వివరించాడు. పక్కనున్నవాడు ఎవరో తెలిశాక ఉత్తరుడి వణుకు తగ్గింది. అదే కుర్రవాడు అదే సేన మధ్యకు రథం తోలాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యులు తంటాలుపడి తెలుసుకున్న పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంది. 1915లో చార్ల్స్ మయర్స్ లాన్సెట్ పత్రికలో షెల్ షాక్ గురించి రాశాడు. మాటపోయినవాళ్లు, చూపు మందగించినవాళ్లు, నిద్రలో కేకలు పెట్టేవాళ్లు ఆస్పత్రులకు చేరుతుంటే సైన్యాలకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. చివరికి యుద్ధరంగానికి దగ్గరలోనే, ఆలస్యం చెయ్యకుండా, మళ్లీ తన పని చెయ్యగలడన్న నమ్మకం కలిగిస్తూ చూసుకోవాలన్న విధానానికి వచ్చారు. ఆ వైద్యంలోనూ ఒక చిక్కుంది. బాగుపడ్డవాణ్ణి మళ్లీ గుండ్ల ముందుకే పంపేవారు. ఉత్తరుడి కథలోనూ అంతే. గోగ్రహణం నుంచి బతికి బయటపడ్డ ఆ కుర్రవాడు కురుక్షేత్రంలో మొదటిరోజే శల్యుడి చేతిలో చనిపోయాడు. సామెతకు ఆ సంగతి పట్టలేదు. మన భాష అతని భయాన్ని దాచుకుంది, అతని చావును మరిచిపోయింది. ఇది అన్యాయమే.

పశ్చిమ ప్రకాశానికి మరీ దగ్గరి కథ పల్నాటిది. కోడిపందెంలో ఓడి రాజ్యం విడిచిన మాచెర్లవారు కాలం గడిపిన మేడపి నేటి త్రిపురాంతకం మండలంలోనే ఉంది. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టం అందరికీ తెలుసు. తల్లి ఐతాంబ దగ్గర సెలవు తీసుకోవడం, భార్య మాంచాల అతన్ని వీరుడిగా సాగనంపడం పాటలుగా, నాటకాలుగా, సినిమాగా వచ్చాయి. ఇక్కడ కూడా ఇల్లే కత్తి అందించింది.

ఆ కథలో విమర్శకులు ఎక్కువసేపు ఆగవలసిన మనిషి అనపోతు. బాలచంద్రుడి ప్రాణస్నేహితుడు, బ్రాహ్మణుడు. తనతో యుద్ధానికి వస్తే అతనూ చస్తాడని, ఆ పాపం తనకు చుట్టుకుంటుందని బాలచంద్రుడు ఏదో నెపం మీద అతన్ని దారిలోంచి వెనక్కి పంపించాడు. తనను కావాలనే వదిలివెళ్లారని తెలిశాక అనపోతు ప్రాణం తీసుకున్నాడు. అతన్ని ఏ శత్రువూ తాకలేదు. యుద్ధభూమిని అతను చూడనే లేదు. తోటివాళ్లు చావుకు వెళ్లారు, తాను మిగిలిపోయాడు. ఆ మిగిలిపోవడమే అతనికి భరించరానిదైంది. బతికి బయటపడ్డ సైనికుల్ని ఏళ్లతరబడి పీడించే అపరాధభావాన్ని ఇరవయ్యో శతాబ్దపు మనోవైద్యం గుర్తించింది. యుద్ధానంతర మనోవ్యాధికి అమెరికన్ వైద్య వర్గీకరణలో చోటు దొరికింది 1980లో. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే వీరవిద్యావంతులు అనపోతు కథను కత్తి, డాలు పట్టి పాడుతున్నారు. కార్తీక అమావాస్యకు కారంపూడిలో మొదలై అయిదు రోజులు సాగే వీరారాధన ఉత్సవాల్లో వీరుల ఆయుధాలకు పూజలు జరుగుతాయి. వీరగాథలో గెలుపు ఓటములకన్నా పోయినవాళ్ల లెక్క ఎక్కువ ఉంటుందని అక్కడ పాట విన్నవాళ్లకు తెలుస్తుంది.

ఇంత వీరగాథా సంపద ఉన్న భాషలో ఆధునిక యుద్ధకథ పలచగా ఎందుకుంది? ఒక కారణం చరిత్రలో ఉంది. తొలినాళ్లలో కుంపిణీవారి మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎక్కువగా ఉండేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం తలకెక్కిన బ్రిటిష్ సేనానులు పంజాబీలను, గూర్ఖాలను, పఠాన్లను ఎంచుకుని, మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ల భర్తీని బాగా తగ్గించారు. దాంతో మొదటి ప్రపంచయుద్ధపు కందకాల అనుభవం తెలుగు ఇళ్లకు తక్కువగా చేరింది. ఆ అనుభవం నేరుగా తగిలిన భాషలు వెంటనే రాశాయి. హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ 1915లోనే ‘ఉస్నే కహా థా’ రాశాడు. చిన్ననాడు అమృత్‌సర్ బజారులో చూసిన అమ్మాయికి పెద్దయ్యాక ఇచ్చిన మాట కోసం లహనాసింగ్ పరాయి దేశపు కందకంలో ప్రాణం ఇస్తాడు. ఇంగ్లీషులో ముల్క్ రాజ్ ఆనంద్ ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ నవల ఫ్రాన్సు వెళ్లిన పంజాబీ సిపాయి గురించి.

ఇల్లు, సైనికుడు అన్న ఈ చర్చకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది జర్మన్ రచయిత రెమార్క్ 1929లో వెలువరించిన ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’. అందులో పాల్ సెలవు మీద ఇంటికి వస్తాడు. ఊరివాళ్లు యుద్ధం ఎలా నడపాలో అతనికే చెబుతారు. చనిపోయిన మిత్రుడి తల్లి ఎలా పోయాడో చెప్పమని నిలదీస్తే, బాధ తెలియకుండా పోయాడని అబద్ధం చెబుతాడు. పాల్‌కు చెప్పవలసింది ఉంది, చెప్పలేడు. ఖడ్గతిక్కనకూ చెప్పవలసింది ఉండే ఉంటుంది. అతన్ని అడిగినవాళ్లు లేరు. పాల్ మౌనాన్ని రచయిత లోపలినుంచి రాశాడు. తిక్కన మౌనాన్ని మన కథ బయటినుంచే చూసింది.

ఆ మౌనాన్ని తెలుగులో లోపలినుంచి తాకిన రచనగా దేవరకొండ బాలగంగాధర తిలక్ (1921–1966) కవిత ‘సైనికుడి ఉత్తరం’ ముందు గుర్తుకొస్తుంది. ‘అమృతం కురిసిన రాత్రి’లో ఉన్న ఈ కవిత పేరుకు తగ్గట్టే ఉత్తరం. క్షేమసమాచారం రాసే మనిషి, ఆ క్షేమం వెనకాల తనకేమవుతున్నదో చెప్పుకుంటాడు. తిలక్ సైనికుడు కాదు. అయినా వీరగాథ ఇవ్వని గొంతును సైనికుడికి ఇచ్చాడు. ఇది చిన్న మార్పు కాదు. ఇంటివాళ్లు మాట్లాడుతుంటే తల వంచుకున్నవాడు ఇక్కడ తానే మాట్లాడుతున్నాడు, వినవలసిన వంతు ఇంటిది.

అలా ఉత్తరం రాసే సైనికుడు తరువాత సినిమాకు ఎక్కాడు. క్రిష్ దర్శకత్వంలో 2015లో వచ్చిన ‘కంచె’లో రెండో ప్రపంచయుద్ధంలో పోరాడుతున్న హరిబాబు, ఊళ్లో కులపు పగకు బలైన సీతకు ఉత్తరాలు రాస్తాడు. పైఅధికారి ఆమె అన్నే. ఊరి పగ యూరప్ దాకా వెంట వచ్చింది. హను రాఘవపూడి ‘సీతారామం’ (2022)లో రామ్ అనాథ. రేడియోలో అతని సంగతి విని జనం ఉత్తరాలు రాస్తారు. పాకిస్తాన్ చెరలో చిక్కినవాణ్ణి దేశం ద్రోహిగా లెక్కగడుతుంది. అతని ఆఖరి ఉత్తరం ఇరవయ్యేళ్లు చేరదు. ప్రేమకథగా ఆదరణ పొందిన ఆ సినిమాలో యుద్ధకథ పాతదే. తిరిగి రాలేనివాడి మీద పడ్డ నింద, దాన్ని తుడవవలసిన ఇల్లు. చానమ్మ నిందించిన చోట సీతామహాలక్ష్మి నమ్మింది. ఏడు వందల ఏళ్లలో తెలుగు యుద్ధకథ వేసిన పెద్ద అడుగు ఇదేనని చెప్పవచ్చు.

నిజం ఉత్తరాలు కథలకన్నా సూటిగా ఉంటాయి. హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, రెండో రాజపుతానా రైఫిల్స్, 1999 జూన్ 19న కార్గిల్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని కోరారు. జూన్ 28న వీరమరణం పొందారు. మహావీర్ చక్ర ప్రకటించారు. యుద్ధభూమిలో ఉన్నవాడు పుట్టబోయే బిడ్డ చెవిన పడాలని కోరుకున్నది యుద్ధకథే.

గిద్దలూరు, కంభం, కొమరోలు, బేస్తవారిపేట పక్క సైన్యంలో చేరడం ఇంటింటి సంగతి. వర్షాధారపు సేద్యం, పడిపోయిన బోర్లు, వలసలు తప్ప వేరే దారి లేనిచోట పొద్దున్నే రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రవాళ్లకు 2022 దాకా మిలటరీ అంటే నెలజీతం, పింఛను, ఊళ్లో మర్యాద. అప్పట్లో చేరినవాళ్లు పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు అయ్యాక నలభై నిండకుండానే తిరిగి వస్తారు. చాలామంది బ్యాంకు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగాల్లో కుదురుకుంటారు. సరిహద్దులో ఏం చూశారో పెళ్లాంబిడ్డలకే చెప్పనివాళ్లు ఉంటారు. వియత్నాం నుంచి వచ్చిన సైనికుడు తన ఊరి చెరువు చుట్టూ కారులో తిరుగుతూ, చెప్పుకునే మనిషి లేక తనలో తానే చెప్పుకునే కథ టిమ్ ఓబ్రయన్ ‘ది థింగ్స్ దె క్యారీడ్’ (1990)లో ఉంది. కంభం చెరువు గట్టు మీద అలాంటి మనిషి తెలుగు కథలోకి ఇంకా రావలసి ఉంది. పరిశోధకులు చెయ్యగలిగిన పని ఒకటుంది. కొమ్మువారి పాటల్ని సేకరించినంత ఓపికగా ఈ మాజీ సైనికుల మాటల్ని వాళ్ల యాసలోనే రికార్డు చెయ్యాలి. అడిగే ప్రశ్న ఎంతమందిని చంపావన్నది కాకూడదు. వచ్చాక ఇంట్లో మొదట ఎవరు పలకరించారో, ఏమని పలకరించారో అడగాలి.