డోలి చెప్పిన చరిత్రము

చరిత్రమనగానే మనకు శాసనములు, దస్తావేజులు జ్ఞప్తికి వచ్చును. ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నివసించు కోయల చరిత్రము పాటలో నున్నది. వారిలో డోలివారను శాఖ యొకటి కలదు. పూర్వుల బొమ్మలు వ్రాసిన గుడ్డ పడిగెను విప్పి, డోలి వాయించుచు, వారు మూలపురుషుల కథలు పాడుదురు.

పడుచుతనమున నేనా పాటను నిద్రకన్నులతో విని, వట్టి పూజాపాట యనుకొంటిని. అది నా పొరపాటు. సమ్మక్క సారలమ్మల కథనే తీసికొనుడు. కరవు వచ్చినది, కోయలు కప్పము చెల్లింపలేకపోయిరి, కాకతీయ ప్రభువు సేన మేడారముపైకి వచ్చెను. సమ్మక్క కుమారుడు జంపన్న సంపెంగవాగులో ప్రాణము విడిచెను. నేటికి నది జంపన్నవాగే. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్టపై నదృశ్యమయ్యెనందురు. పండని యేట పన్నడుగుట న్యాయమా? ఈ ప్రశ్ననే డోలి తరతరములుగా నడుగుచున్నది.

ఇట్టిదే దూరదేశపు సంగతి యొకటి మనవిచేసెదను. ఆఫ్రికాలోని జింబాబ్వేయందు షోనాలను జనులు కలరు. కొయ్యపలకపై నినుపరేకులు బిగించిన యెంబీరా యను వాద్యమును వ్రేళ్లతో మీటి, వారు రాత్రియంతయు పితృదేవతలను పిలుతురు. 1890లో ఆంగ్ల కంపెనీవారు వారి నేల నాక్రమించి, 1894లో గుడిసెపన్ను విధించిరి. 1896లో షోనాలు తిరుగబడిరి. నెహాండా దేవత పూనెడు గణాచారిణిని 1898లో నురితీసిరి. ఆమె పేరు మాత్రము జనుల నోట నిలిచెను. 1970 తరువాత థామస్ మాప్ఫూమో యను గాయకుడు ఎంబీరా వరుసలనే విద్యుత్ గిటారుపై పలికించి, షోనాభాషలో పోరాటమును పాడెను. ప్రభుత్వము వానిని నిర్బంధించెను, పాట యాగలేదు. 1980 ఏప్రిల్ 18న దేశము స్వతంత్రమయ్యెను.

మన యెడనుం దీ మార్గమే కానవచ్చును. నిజాము రాజ్యమున సుద్దాల హనుమంతుగారు గొల్లసుద్దుల బాణీని వెట్టిచాకిరిపై నెక్కుపెట్టిరి. మాట క్రొత్తది, బాణీ తాతలది. కావుననే చదువురానివాడును దానిని వెంటనే యందుకొనెను. పాలకుడు పత్రికను మూయింపగలడు. ఊరందరి నోటనున్న బాణీని మూయింపలేడు.

కాని యెవరును మూయింపకయే పాట పోవు మార్గ మొకటి కలదు: వినువారు లేకపోవుట. మణుగూరు దరి కూనవరపు సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క కథను కోయభాషలోను, తెలుగులోను పాడినవారు. వారికి 2022లో పద్మశ్రీ లభించెను. 2024లో వారు దివంగతులైరి. అట్టివారు పాడగలిగిన దంతయు నేర్చిన శిష్యు లెందరు?

కావున నా ప్రార్థన యొక్కటే. మీ యూరికి డోలివారు వచ్చినప్పుడు, ఒక ఘడియ విని, సంభావన యిచ్చి పంపివేయకుడు. పిల్లలను కూర్చుండబెట్టి, తెల్లవారువరకు కథను పూర్తిగా పాడింపుడు. మీకు తెలిసిన పేరులు, వాగులు, గుట్టలు వారికి చూపుడు. దస్తావేజు పోయినచో కచేరిలో నకలు దొరకవచ్చును. పాటకు నకలు మనుష్యుని గొంతులోనే యున్నది.