పాత బట్టకు కొత్త బతుకు – దూదేకుల విల్లు చెప్పే చరిత్ర



పాత బట్టలు పారవేయకండి, తిరిగి వాడుకోండి, భూమికి మేలు చేయండి అని ఈ రోజుల్లో పత్రికలూ, టీవీలూ గట్టిగా చెబుతున్నాయి. మంచి మాటే. కానీ ఈ మాట వినగానే మన ఇళ్ళలోని దాదీమాలు, నానీమాలు ముసిముసిగా నవ్వుకుంటారు. "ఇదేం కొత్త సంగతి నాయనా! మేం పారేసిందెప్పుడు?" అంటారు. ఆ నవ్వు వెనుక ఒక చరిత్ర ఉంది. అందులో మనవాళ్ళ చేతికష్టం ఉంది. దాన్ని నాలుగు మాటల్లో పిల్లలకు చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉభయ గోదావరి జిల్లాల్లో నూలు చీర ఒక్క బతుకుతో సరిపెట్టుకునేది కాదు. కట్టి కట్టి పలచబడ్డాక చంటిబిడ్డకు ఉయ్యాల అయ్యేది. ఎన్నో ఉతుకులు తిన్న నూలు మెత్తగా ఉంటుంది కనుక పురిటి బిడ్డకు పొత్తిళ్ళు అయ్యేది. మిగిలిన చీరలు, పంచెలు, లుంగీలు పొరలు పొరలుగా పరచి దబ్బనంతో ముతక దారం వేసి కుడితే బొంత తయారు. బొంత చిరిగితే మసిగుడ్డ. అదీ చీకిపోతేనే పొయ్యిలోకో, పెంటకుప్ప మీదికో పోయేది. నూలు కనుక మట్టిలో కలిసిపోయేది. చివరికి చెత్త అనేదే మిగిలేది కాదు.

ఇది కేవలం పేదరికం నేర్పిన పొదుపు అనుకోకూడదు. బట్ట విలువ తెలిసిన సీమ మనది. నర్సాపురం దగ్గర మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు బట్టల వర్తకానికి స్థావరం పెట్టారు. ఆ ఊరి పేరు వారి నోట్లో "మాడపొల్లం" అయింది. అక్కడినుంచి ఎగుమతి అయిన మెత్తటి నూలుబట్టకూ అదే పేరు పడింది. యానాం దగ్గరి ఇంజరంలోనూ కంపెనీ వారి బట్టల వ్యాపారం సాగింది. పాలకొల్లులో డచ్చివారు ఉండేవారు. 1813లో భారతదేశ వర్తకంపై కంపెనీ గుత్తాధికారం పోయింది. ఆ తరువాత ఇంగ్లండు మిల్లు గుడ్డ చౌకగా వచ్చిపడి మన మగ్గాల నోట మట్టి కొట్టింది. విచిత్రమేమంటే, మాడపొల్లం అనే మన ఊరి పేరుతోనే అక్కడి మిల్లులు బట్ట నేశాయి! చేనేత అంత దెబ్బతిన్నా పూర్తిగా పోలేదు. ఉప్పాడ, బండారులంక, పులుగుర్త వంటి చోట్ల మగ్గం నిలిచింది.

బట్ట నేసినవాడి సంగతి చరిత్ర పుస్తకాల్లో కొంతైనా ఉంది. వాడిన దాన్ని మళ్ళీ పనికి తెచ్చినవాడి సంగతే తక్కువ. వాడే మన దూదేకుల సోదరుడు. దూదిని ఏకేవాడు కనుక దూదేకుల. నూర్‌బాషా అనీ, పింజారీ అనీ, లద్దాఫ్ అనీ కూడా పిలుస్తారు. లద్దాఫ్ అన్నది దూది ఏకేవాడనే అర్థమున్న "నద్దాఫ్" అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. 922లో బాగ్దాదులో ప్రాణమర్పించిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని "హల్లాజ్" కూడా దూది పని చేసేవాడనే మాటే. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర గ్రంథంలోనూ ఈ వృత్తివారి ప్రస్తావన ఉంది. ఇంత పాత వృత్తి పేరును కొందరు సామెతల్లో చులకనగా వాడారు. అందుకే చాలామంది నూర్‌బాషా అన్న పేరునే గౌరవంగా చెప్పుకుంటారు.

ఆ పని ఎలా సాగేదో నేటి పిల్లలు చాలామంది చూసి ఉండరు. భుజాన పొడవాటి విల్లు, చేతిలో చెక్క దిమ్మె. వీధిలో నారి మోగితే చాలు, ఇల్లాళ్ళు అటకమీది పరుపులు దింపేవారు. ఏళ్ళ తరబడి మనిషి బరువుకీ, చెమ్మకీ పరుపులోని దూది ఉండలు కట్టి రాయిలా అవుతుంది. దాన్ని విప్పి, ఎండబెట్టి, నారిని దూదిలో ఆనించి దిమ్మెతో కొడతారు. నారి అదురుకి ఉండలు విడిపోతాయి, దుమ్ము రాలిపోతుంది, నలిగిన దూది మళ్ళీ నురుగులా పొంగుతుంది. పాత దూదే, కొత్త పరుపు. గలీబు గట్టిగా ఉంటే అదే ఉతికి తొడిగేవారు. కొత్తది కొనే ఖర్చు ఇంటివారికి తప్పేది, పనివాడికి కూలి దక్కేది.

ఈ విల్లు స్వాతంత్య్రోద్యమంలోనూ మోగింది. రాట్నం తిరగాలంటే ఏకులు కావాలి, ఏకులు కావాలంటే దూది ఏకేవాడు కావాలి. ఆశ్రమంలో ఖాదీ మొదలుపెట్టిన రోజుల్లో ఒక పింజారీ నెలకు 35 రూపాయలు అడిగితే, ఎంతైనా ఎక్కువ కాదనుకుని పెట్టుకున్నానని గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు. 1921 జూలై 31న బొంబాయిలో ఆయన విదేశీ వస్త్రాల రాశికి నిప్పు పెట్టారు. కట్టుకునే గుడ్డను కాల్చడమేమిటని సి.ఎఫ్. ఆండ్రూస్, రవీంద్రనాథ్ ఠాగూర్ వంటి వారు బాధపడ్డారు. ఖిలాఫత్ నాయకులు ఆ బట్టలను తుర్కీవారికి పంపుతామంటే గాంధీజీ ఒప్పుకున్నారని స్వామి శ్రద్ధానంద తరువాత రాశారు. ఠాగూరుకు జవాబిస్తూ గాంధీజీ చెప్పినదాని సారాంశం ఇది: బట్ట లేనివాడికి మనకు అక్కరలేని గుడ్డ విసిరితే అది అవమానం, వాడికి కావలసింది పని. 1923 డిసెంబరులో మన కాకినాడలోనే మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపిన బాలిక, తరువాత ప్రసిద్ధురాలైన దుర్గాబాయి.

మరి ఆ విల్లు ఎందుకు మూగబోయింది? కరెంటు మీద నడిచే ఏకుడు యంత్రం వచ్చింది. ఆ వెనకే స్పాంజి పరుపు వచ్చింది. నైలాను, టెరికాటన్, పాలియెస్టరు బట్టలు వచ్చాయి. అవి చెమట పీల్చవు, పొత్తిళ్ళకు పనికిరావు, మట్టిలో కలవవు. ఏకు మేకైనట్టు చౌకబట్ట ఇంటినిండా పేరుకుపోయింది. చీరకు బదులు గిన్నె ఇచ్చే స్టీలు సామాన్ల వాళ్ళు వీధుల్లోకి వస్తే, వారితో బేరమాడి మన అమ్మలు కొంత వదిలించుకున్నారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆ వృత్తి మనం పాట పాడుకునేంత తీపిది కాదు. రోజంతా పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు చెడిపోతాయి, దగ్గూ ఆయాసమూ పట్టుకుంటాయి. కూలి అంతంత మాత్రం. 1970లో రాష్ట్ర ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు దూదేకులవారిని "బి" గ్రూపులో చేర్చింది. ఆ ఆసరాతో చదువుకున్న బిడ్డలు ఉద్యోగాలకు వెళ్ళారు. వారు విల్లు దించినందుకు విచారించనవసరం లేదు. విచారించవలసింది పనిలోని తెలివి కూడా పోతున్నందుకు.

ఆ తెలివి లేని దానం ఎలా ఉంటుందో వరదలప్పుడు తెలుస్తుంది. 1986 ఆగస్టులో గోదావరి పొంగింది. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ముంచెత్తింది. అటువంటి ఆపదల్లో బట్టలు పోగుచేసి పంపడం మంచి మనసే. కానీ చిరిగినవీ, మాసినవీ, గుండీలు లేనివీ మూటగట్టి పంపితే పుచ్చుకునేవాడి మనసు ఎంత చిన్నబోతుంది! 2004 సునామీ తరువాత తమిళనాడులో ఇలా వచ్చిన బట్టలు గుట్టలుగా పడి ఉంటే, 1999లో అన్షు గుప్తా ఢిల్లీలో స్థాపించిన గూంజ్ సంస్థ వాటిని ఏరి, పనికి తెచ్చింది. ఊరివారు బావి తవ్వుకుంటే, బాట వేసుకుంటే ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలివ్వడం ఆ సంస్థ పద్ధతి. పాత నూలుగుడ్డతో ఆడవారికి నెలసరి గుడ్డలూ తయారు చేస్తుంది. 2015లో గుప్తా గారికి మెగసెసే పురస్కారం వచ్చింది. 1921 నాటి ఆ జవాబూ, ఈ పద్ధతీ ఒకే దారివి.

కాబట్టి సోదరులారా, చరిత్ర చెప్పేది ఒక్కటే. పాత బట్ట దానంతట అది కొత్తదవదు. ఒక చెయ్యి దాన్ని బాగుచేయాలి, ఆ చేతికి కూలీ గౌరవమూ దక్కాలి. ప్రవక్త (స) తమ చెప్పులు తామే కుట్టుకునేవారనీ, తమ బట్టకు తామే మాసిక వేసుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట మనకు తెలిసిందే. ఈ రంజానుకు బట్టలిచ్చేముందు ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీ కుట్టి ఇద్దాం. మనం కట్టుకోవడానికి సిగ్గుపడేది ఎదుటివాడికి ఇవ్వకుండా ఉందాం. నూలు గుడ్డలు వేరుచేసి, కుట్టుపని తెలిసిన మన ఆడపడుచులకు కూలి ఇచ్చి బొంతలు కుట్టిద్దాం. మూలన పడ్డ విల్లు ఏ ఇంట్లోనైనా ఉంటే దాన్ని పొయ్యిలో పెట్టకండి. పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్కసారి నారి మోగించి, ఇది మీ తాత చేతిపని అని గర్వంగా చెప్పండి.