తలుపు తగిలిన కన్ను

మా పెద్దమ్మది ఉయ్యూరు. చెరుకు బళ్ళు ఫ్యాక్టరీకి పోయే దారిలో వాళ్ళ ఇల్లు. ఆమె ఎడమ కన్ను కాస్త లోపలికి పోయి ఉండేది. బట్టలు ఆరేస్తూ తలెత్తితే దండేలు రెండు కనపడతాయనేది. "కంటికేమైంది పెద్దమ్మా?" అంటే "తలుపు తగిలిందే" అనేది. ఆ తలుపు ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు.

ఏడు ఎముకలు కలిస్తే కంటిగూడు. దాని అడుగుభాగం చాలా పలచన. పిడికిలి దెబ్బకి ఒక్కోసారి కన్ను దక్కుతుంది గానీ, ఆ అడుగు విరిగి చుట్టూ ఉన్న కొవ్వు, కండరం సందులోకి జారతాయి. వాపు తీశాక కన్ను లోతుకి పోతుంది. పైకి చూస్తే ఒకటి రెండుగా కనపడుతుంది. 1957లో స్మిత్, రీగన్ అనే అమెరికన్ వైద్యులు శవం కంటిమీద బంతి ఉంచి, సుత్తితో కొట్టి ఈ విరిగే తీరును చూపించారు. 'బ్లో అవుట్ ఫ్రాక్చర్' అన్న పేరు అప్పుడే వాడుకలోకి వచ్చింది.

ఎవరి కంటిగూడు ఎలా విరిగిందన్నది వాళ్ళ బతుకుని చెబుతుంది. పిల్లల ఎముక లేతకొమ్మలా వంగి, తిరిగి మూసుకుని కండరాన్ని పట్టేస్తుంది. ముసలివాళ్ళకి జారిపడితే విరుగుతుంది. మన ఆసుపత్రుల లెక్కల్లో ఎక్కువమంది యువకులు, ఎక్కువగా వాహన ప్రమాదాలు. స్త్రీల సంఖ్య తక్కువ కాబట్టి వాళ్ళ కారణాలు ఆ మొత్తంలో కలిసిపోతాయి. స్త్రీలను విడిగా లెక్కించిన ఒక అమెరికన్ అధ్యయనం 1996లో వచ్చింది. అందులో ఇంటిహింస, లైంగిక దాడి పెద్ద కారణాలుగా తేలాయి. ఎదురుగా నిలబడి కుడిచేత్తో కొట్టేవాడి దెబ్బ ఎక్కువగా ఎడమ కంటికే తగులుతుంది. తలుపుకి కుడిచెయ్యి వాటం ఉండదు కదా!

1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షన్ ఎముక విరగడాన్ని తీవ్రగాయమంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనూ అదే అంటోంది. కానీ ఈ పలచని ఎముక విరిగితే మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. సీటీ స్కాన్ వచ్చిందే 1970లలో. కనపడని విరుపు కాగితం మీద 'కమిలిన కన్ను'గా, మామూలు దెబ్బగా మిగిలిపోయే వీలుంది. అదీ ఆమె ఆసుపత్రిదాకా వెళితే!

498ఎ సెక్షన్ 1983లో వచ్చింది. గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన స్త్రీలు పదిమందిలో దాదాపు ముగ్గురు భర్త హింసని అనుభవించామన్నారు. ఆ సర్వే గాయాల పట్టికలో కంటిదెబ్బ, బెణుకు, కీలు తప్పడం, కొద్దిగా కాలడం అన్నీ ఒకే గంపలో ఉన్నాయి. కంటిని విడదీసి చూద్దామంటే దారి లేదు.

ఉయ్యూరులో ఏటా మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళు. భర్త చితిలో ప్రాణం విడిచిన పేరంటాలుగా ఆమెని కొలుస్తారు. పెద్దమ్మ కూడా దీపం పట్టుకుని వెళ్ళేది. మొగుడితోపాటు కాలిపోయినామెకి గుడి ఉంది, తిరునాళ్ళున్నాయి. మొగుడి దెబ్బ తిని బతికి, నలభై ఏళ్ళు ఒక దండేన్ని రెండుగా చూసినామెకి కనీసం ఒక కేసు షీటు లేదు.

మన చరిత్రని ఉత్తరాల్లో, ఆత్మకథల్లో, పాటల్లో వెతుకుతున్నాం. ఆసుపత్రి రిజిస్టర్లలో కూడా వెతకాలి. ఏ కన్ను, ఎవరి చెయ్యి అన్న రెండు ప్రశ్నలు డాక్టరు పక్కన ఎవరూ లేనప్పుడు ఆమెని అడిగి రాసుకోవాలి. పెద్దమ్మని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అన్నీ తెలిసిన నేనూ అడగలేదు.