గుఱకయు దంతవైద్యులును

మా మెదకులో నారుబయట పరుండు వేసవిరాత్రులందు ఎవరి గుఱక యెట్టిదో వీథివారందఱు నెఱుగుదురు. గుఱక పెట్టువానిని కుంభకర్ణుడని నవ్వి, గాఢనిద్ర యని సంతోషించుట మన వాడుక. కాని గుఱక నడుమ నిశ్శబ్దమై, పది సెకండ్లో, అంతకు మించియో శ్వాస యాగి, ఉలికిపాటుతో మఱల వచ్చుట సుఖనిద్ర కాదు. నిద్రలో కండరములు సడలి నాలుక మొదలు వెనుకకు జాఱును, ఊపిరిదారి మూతపడును. ఇట్టివారికి పగటికునుకు వదలదు, రక్తపుపోటు పెరుగును.

దీనికి విరుగుడు హైదరాబాదు చరిత్రలో నొక పుటయందున్నది; అయితే అది గుఱకకై వ్రాసినది కాదు. శస్త్రచికిత్సకు క్లోరోఫారము నిచ్చు కాలమున కొందఱు రోగులు బల్లమీదనే మరణించుచుండిరి. దోషము గుండెదా, శ్వాసదా? దీనిని దేల్చుటకు డాక్టరు ఎడ్వర్డు లారీ 1888లోను 1889లోను హైదరాబాదున పరిశోధకసంఘములను నడపెను. రెండవదానికి నిజాము ప్రభుత్వము ధనమీయగా, లండనునుండి లాడర్ బ్రంటను వచ్చెను. మెదకు అప్పుడా రాజ్యములోనిదే. నాడికంటె నూపిరినే కనిపెట్టి యుండుడని సంఘము తీర్మానించెను. గుండెకు భయము లేదనుట పొరపాటని 1911లో లీవీ యను వైద్యుడు చూపెను. మనవారి తప్పును దాచనేల? కాని యందలి యొక సూచన నేటికిని చెల్లుచున్నది. శ్వాస తడబడినచో, క్రిందిపండ్లు పైపండ్లకు ముందు నిలుచునట్లు క్రింది దవడను ముందునకు లాగవలెను. దవడ వెంట నాలుకయు వచ్చును, దారి తెఱచుకొనును.

నిద్రించువాని తలాపున రాత్రియంతయు కూర్చుండి దవడ లాగువారెవరు? ఆ పని నేడు దంతవైద్యుని తొడుగు చేయుచున్నది. రెండు వరుసల పండ్లకును అచ్చు తీసి, రెండు తొడుగులు చేసి, క్రింది దవడ కొన్ని మిల్లీమీటర్లు ముందు నిలుచునట్లు జతపఱతురు. మొదట దవడ నొచ్చును. కొందఱికి కాలక్రమమున పండ్ల కూర్పు కొంచెము మాఱును. ముందుగా నిద్రపరీక్ష జరిగి, వ్యాధి యెంతటిదో వైద్యుడు నిర్ణయింపవలెను. అల్పమైనను, మధ్యమమైనను తొడుగు మేలు చేయును. తీవ్రమైనచో 1981లో సిడ్నీయందు కాలిన్ సల్లివన్ ప్రకటించిన గాలియంత్రమే శరణ్యము.

మనవంటి వృద్ధులకు చిక్కొకటి కలదు. తొడుగునకు పట్టు పండ్లే. నాకు గట్టివి ఏడు మాత్రము మిగిలినవి. దంతవైద్యుడు నోరు చూచి, తల యడ్డముగా నూపి, యంత్రమునే వాడుమనెను. ముక్కున గొట్టము తగిలించుకొని పరుండుట నాకు మొదట సిగ్గయ్యెను. అంతకుముందు నా సహధర్మచారిణి, గుఱక యాగినప్పుడెల్ల లేచి నా ముక్కుకడ వ్రేలుంచి చూచుచుండెడిదట. ఇప్పుడామెయు నిద్రించుచున్నది.