గాలిలో బొమ్మను నిలిపిన అద్దం

1991లో సెగా కంపెనీ ‘టైమ్ ట్రావెలర్’ అనే ఆట యంత్రాన్ని ఆర్కేడ్లలోకి, అంటే నాణెం వేసి ఆడే ఆటశాలల్లోకి దించింది. నల్లని చిన్న వేదిక మీద జానెడు ఎత్తైనా లేని మనుషులు గాలిలో తేలుతున్నట్టు నిలబడేవారు, పోరాడేవారు, మాయమయ్యేవారు. దీన్ని హోలోగ్రామ్ ఆట అని ప్రచారం చేశారు. నిజమైన హోలోగ్రామ్ లేజర్ కాంతితో ఫలకం మీద నమోదయ్యేది. హోలోగ్రామ్ సూత్రాన్ని కనిపెట్టిన డెనిస్ గేబర్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ యంత్రంలో ఉన్నవి మాత్రం మామూలు టీవీ, దాని ఎదుట పెద్ద పుటాకార దర్పణం. అంత మాత్రాన దీని గొప్పతనం తగ్గదు. ఇలాంటి అద్దపు మాయల వెనక నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది.

1862 డిసెంబరులో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ రంగస్థలం మీదికి దయ్యాన్ని రప్పించాడు. హెన్రీ డిర్క్స్ అనే ఇంజనీరు ఊహను ఆయన నాటకశాలకు అనువుగా మార్చాడు. ప్రేక్షకులకు కనిపించని చోట నటుడి మీద వెలుగు పడితే, ఏటవాలుగా నిలిపిన గాజు పలకలో ఆ రూపం ప్రతిఫలించి వేదిక మీద ఉన్నట్టు తోస్తుంది. అది మిథ్యా ప్రతిబింబం, ఎప్పుడూ గాజుకు ఆవలే ఉంటుంది.

ఆర్కేడ్లు మొదట పట్టుకున్నది ఈ గాజు ఉపాయాన్నే. 1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’ నిలువు పెట్టెలో తెర నేరుగా కనిపించదు. లోపల పడుకోబెట్టిన ఆ తెర బొమ్మ, సగం వెలుగును మాత్రమే తిప్పికొట్టే అద్దంలో ప్రతిఫలించి, వెనక ఉన్న చంద్రమండల చిత్రం మీద తేలేది. ఆ తెర నలుపు తెలుపులదే. గ్రహాంతర వాసులకు రంగులిచ్చింది రంగు సెల్లోఫేన్ పట్టీలు. 1981లో అటారీ ‘ఆస్టరాయిడ్స్ డీలక్స్’లో మెరిసే గీతలను అంతరిక్ష చిత్రం మీద ఇలాగే తేల్చింది.

టైమ్ ట్రావెలర్ రూపకర్త రిక్ డయర్ మరో అడుగు వేశాడు. 1983లో లేజర్ డిస్క్ మీద కార్టూన్ సినిమా లాంటి ‘డ్రాగన్స్ లెయిర్’ను తెచ్చిన బృందంలో ఆయనే ముఖ్యుడు. ఈసారి బొమ్మను అద్దం వెనక కాకుండా ముందుకు తేవాలి. స్టీలు గరిటె లోపలి వైపు చూస్తే ముఖం తలకిందులుగా కనిపిస్తుంది కదా! ఆ ప్రతిబింబం గరిటె లోపల లేదు, మనకూ గరిటెకూ నడుమ గాలిలో ఉంది. పుటాకార దర్పణం వస్తువు నుంచి వచ్చిన కిరణాలను మళ్లీ ఒకచోట కలుపుతుంది. అవి కలిసిన చోట నిజ ప్రతిబింబం ఏర్పడుతుంది. వస్తువు వక్రతా కేంద్రం (అద్దం ఏ గోళంలో భాగమో ఆ గోళం కేంద్రం) దగ్గర ఉంటే ప్రతిబింబమూ అక్కడే, అంతే పరిమాణంలో, తలకిందులుగా వస్తుంది.

అయితే అద్దం చేసింది సగం పనే. టీవీ బొమ్మ గాలిలోకి వస్తే దాని దీర్ఘచతురస్రపు చట్రమూ వెంట వస్తుంది. అందుకే నటులను నల్లని నేపథ్యంలో చిత్రీకరించారు. నలుపు నుంచి వెలుగు రాదు, వెలుగు లేని చోట ప్రతిబింబమూ లేదు. కొండా కోటా ఏమీ లేకుండా మార్షల్ గ్రామ్ అనే కథానాయకుడు ఒంటరిగా నిలిచింది అందుకే. ఇక చూసే చోటు. ఇలాంటి ప్రతిబింబం ఎదుటి నుంచి చూస్తేనే కుదురుగా కనిపిస్తుంది. ఆటగాడి చేతులు జాయ్‌స్టిక్ మీద ఉంటాయి కనుక కళ్లు ఎక్కడుంటాయో యంత్రం కట్టినవాళ్లకు ముందే తెలుసు. ఈ అద్దానికి ఆర్కేడ్‌ కన్నా తగిన ఇల్లు లేదు.

లోటు ఆటలో ఉంది. సరైన క్షణంలో సరైన వైపు మీట కదపడం తప్ప ఆటగాడికి పెద్దగా పని లేదు. 1991లోనే ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ఎదుటి మనిషితో తలపడే ఆటను తెచ్చింది. 1992లో సెగా అదే పెట్టెకు ‘హోలోసియం’ అనే పోరాట ఆటను అమర్చింది గానీ, ఆ వరుస ముందుకు సాగలేదు.

తర్వాతి కాలంలో గెలిచింది పెప్పర్ దారి. 2014 ఎన్నికల్లో నరేంద్ర మోదీ రూపం ఒకేసారి అనేక వేదికల మీద కనిపించింది ఆ సూత్రంతోనే, గాజుకు బదులు పల్చని పొరతో. వేలమందికి చూపాలంటే బొమ్మ పొర వెనక ఉండక తప్పదు. ఒక్కడికి చూపితే చాలనుకున్నప్పుడే దాన్ని ముందుకు తేవచ్చు. టైమ్ ట్రావెలర్ ఆ ఒక్కడి కోసం, నాణెం వేసే మనిషి స్థాయిలో, అద్దాన్నీ చీకటినీ చోటునూ కలిపి కట్టింది. ఆటల చరిత్రలో చిన్నదైనా, దృశ్య భ్రమల చరిత్రలో అది పెద్ద పీట వేయదగ్గ యంత్రం.