తారీఖ్ లేని చరఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రకు కూడా అదే మాట. మన షహర్ కరెంటుకు రెండూ ఉన్నాయి. నిజాం రియాసత్‌లో కరెంటు మహకమా 1910లో పుట్టింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ 1920లో వచ్చింది. 1959లో విద్యుత్ బోర్డు ఏర్పడింది. వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఫలక్‌నుమాకు పోతే, షాండ్లియర్ల కింద నిలబెట్టి రోష్నీ కహానీ చెప్తారు. ఇదంతా నిజమే. కానీ ఆ రోష్నీని మన ఇళ్ళ గోడల్లోంచి గుంజుకొచ్చిన చేతుల జిక్ర్ నేను చదివిన కితాబుల్లో కనిపించలేదు.

అందుకే ఆ చేతులు తమకోసం తయారుచేసుకున్న ఒక సామాను గురించి రాస్తున్నాను. వైరు చుట్ట పెట్టి తిప్పే స్టాండు. దానికి కంపెనీ పేరు ఉండదు, బిల్లు ఉండదు. ఎలక్ట్రీషియన్ పని చేసిన మా చాచా దాన్ని చరఖ్ అనేవాడు. సంక్రాంతికి పతంగులు ఎగరేసే పాతబస్తీ పిల్లలకు చరఖ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మాంజా చుట్టుకునే గిలక అది. ఎగరేసేవాడి వెనక ఒకడు దాన్ని పట్టుకుని నిలబడాలి. అది ఎప్పుడూ చిన్నోడి పనే. వైరు పనిలోనూ అంతే.

మొదట్లో వైరు పనికి చరఖ్ జరూరత్ లేదు. పాత మకాన్లలో గోడ మీద టేకు పట్టీ కొట్టి, దాని మీద క్లిప్పులతో వైరు బిగించేవాళ్ళు. చుట్టను నేల మీద విప్పుకుంటూ పోతే సరిపోయేది. తర్వాత స్లాబు ఇళ్ళు వచ్చాయి. 1973 తర్వాత ఖలీజ్ దేశాల్లో చమురు దౌలత్ పెరిగింది. మన బస్తీల నుంచి ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, మేస్త్రీలు సౌదీకి, దుబాయికి పోయారు. వాళ్ళు పంపిన పైసలతో బార్కస్, చాంద్రాయణగుట్ట వైపు అంతస్తు మీద అంతస్తు లేచింది. ఈ కొత్త మకాన్లలో పైపులు ముందే గోడలో, స్లాబులో పూడ్చేస్తారు. వైరును ఆ పైపుల్లోంచి గుంజాలి. ఒకడు ఈ కొసన స్ప్రింగుకు కట్టి గుంజుతుంటే, ఇంకొకడు ఆ కొసన వైరు అందిస్తుండాలి. కష్టమంతా ఆ అందించడంలో ఉంది.

మామూలు ఇంటి వైరు చుట్ట 90 మీటర్లు. ఒక్కో చుట్టు సగటున అర మీటరు అనుకుంటే, మొత్తం 180 చుట్లు. చుట్టను నేల మీద కదలకుండా పెట్టి వైరు లాగితే, ఊడిన ప్రతి చుట్టూ వైరుకు ఒక మెలిక పెడుతుంది. మెలికలు పైపు మూతి దగ్గర ముడిపడతాయి. అప్పుడు ఇవతలివాడు జోర్ చేసి గుంజితే పైన ప్లాస్టిక్ తొడుగు గీసుకుపోతుంది. ఆ గీత గోడ లోపల ఎవరికీ కనిపించదు. తడి ఎక్కిన రోజు ఆ గోడ షాక్ కొడుతుంది. చుట్టే తిరిగితే వైరు మెలిక పడకుండా సాఫీగా వస్తుంది. చరఖ్ ఇల్మ్ అంతా ఇంతే.

ఆ చుట్టను తిప్పేది ఎవరు? మా చాచా ఉస్తాద్ దగ్గర చేరేనాటికి పదేళ్ళవాడు. రెండు చేతులూ చుట్ట లోపలికి దూర్చి, గుంజినకొద్దీ తిప్పుతూ పొద్దంతా నిలబడేవాడట. "రెండేళ్ళు నేను మనిషిని కాదు బేటా, ఖూంటను" అనేవాడు. షాగిర్ద్ అనే పేరే గానీ, ఖూంటకు హునర్ ఏం అబ్బుతుంది? పైపు ఎటు తిరిగింది, ఏ వైరు ఏ బోర్డుకు పోతుంది అన్న ఇల్మ్ అంతా గుంజేవాడి దగ్గరే ఉంటుంది.

పెద్దయ్యాక చాచా తన చరఖ్ తానే చేసుకున్నాడు. జుమ్మేరాత్ బజార్‌లో తూకానికి కొన్న యాంగిల్ ముక్కలతో నాలుగు కాళ్ళు. మధ్యలో ఒక ఇనుప కడ్డీ. దాని మీద పాడైన సీలింగ్ ఫ్యాన్ బేరింగు. బేరింగు మీద తిరిగే పళ్ళెం, పళ్ళానికి నాలుగు నిలువు చువ్వలు. చువ్వలు వైరును గీరకుండా పైపు ముక్కల తొడుగు. మొదటిసారి అది మరీ తేలిగ్గా తిరిగింది. గుంజడం ఆపినా చుట్ట ఆగక వైరు నేలపాలయింది. పళ్ళేనికి ఒరుసుకునేటట్టు పాత సైకిల్ ట్యూబు ముక్క బిగించాక దారికొచ్చింది. తర్వాత మూడు పళ్ళాలది చేశాడు: ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు ఒకేసారి పైపులోకి పోయేటట్టు.

బాల కార్మికుల చట్టం 1986లో వచ్చింది. సొంత కుటుంబపు పనిలాంటి కొన్ని మినహాయింపులు ఉంచి, 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోవద్దని 2016 సవరణ చెప్పింది. చాచాకు కానూన్ చదవడం రాదు. తన దగ్గర చేరిన కుర్రాళ్ళను మాత్రం చుట్ట దగ్గర నిలబెట్టలేదు. పైపు మూతి దగ్గర కూచోబెట్టి పని నేర్పాడు. ఇన్సాఫ్‌గా ఇంకోవైపు కూడా చెప్పాలి. చరఖ్ వచ్చాక కొందరు ఠేకేదార్లు ఒక మనిషిని తగ్గించి, ఆ దిహాడీ జేబులో వేసుకున్నారు. సామాను ఒకటే. అది ఎవరి చేతిలో ఉందో చూడాలి.

ఫలక్‌నుమా 2010 నుంచి హోటల్. అక్కడి దీపాలను జాగ్రత్తగా తుడిచి చూపిస్తారు. చాచా పోయాక ఆయన చరఖ్‌ను ఇంట్లోవాళ్ళు కబాడీకి వేశారు. తరాజు మీద అది ఆరు కిలోల ఇనుము. కబాడీవాడు బేరింగు ఊడదీసి విడిగా పెట్టుకున్నాడు, ఇంకా తిరుగుతోందని.