ఇంజిన్ లోప సంకేతాలు

ఇంజిన్ పనితీరులో తేడా కనబడినప్పుడు కారులోని కంప్యూటరు జ్ఞాపకంలో దాచుకునే అంకెలను ఇంజిన్ లోప సంకేతాలు అంటారు. మెకానిక్‌ల వాడుకలో ఇవి 'ఎర్రర్ కోడ్‌లు'. లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో కోడ్ చెబుతుంది. ఏ భాగం పాడైందో మాత్రం పరీక్షించి తేల్చుకోవాలి.

నేపథ్యం

ఈ సంకేతాలు వాయు కాలుష్య నియంత్రణలో భాగంగా పుట్టాయి. లాస్ ఏంజిలిస్‌ను కమ్మే పొగకు వాహనాలు వదిలే వాయువులే ముఖ్య కారణమని 1950ల తొలినాళ్లలో రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ నిరూపించాడు. 1967లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఏర్పడింది. 1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్లు విస్తృతంగా వచ్చాయి. తర్వాత వచ్చిన త్రీ-వే కన్వర్టర్లు సరిగా పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కలవాలి. మామూలు కార్బురేటర్ ఆ నిష్పత్తిని నిలకడగా ఉంచలేదు. దాంతో ఆ పనిని, దానితోపాటు సెన్సర్లలో లోపాలను గుర్తించే పనిని కంప్యూటరుకు అప్పగించారు.

లైటు మినుకుల కాలం (1980–1995)

జనరల్ మోటార్స్ 1981 నాటికి అమెరికాలో అమ్మే తన పెట్రోలు కార్లలో దాదాపు అన్నిటికీ 'కంప్యూటర్ కమాండ్ కంట్రోల్' అనే వ్యవస్థను అమర్చింది. చాలా మోడళ్లలో డ్యాష్‌బోర్డు కింద 12 పిన్నుల సాకెట్ ఉండేది. అందులోని ఎ, బి పిన్నులను చిన్న తీగతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే 'చెక్ ఇంజిన్' లైటు మినుకుమనేది. ఒక మినుకు, కాస్త విరామం, మళ్లీ రెండు మినుకులు: అది 12. ఇంజిన్ తిరగడం లేదని, కోడ్‌లు చెప్పే వ్యవస్థ పనిచేస్తోందని దాని అర్థం. ఆ తర్వాత దాచిన కోడ్‌లు ఒక్కొక్కటి మూడేసిసార్లు వచ్చేవి. ఖరీదైన పరికరమేదీ లేకుండా, తీగ ముక్కతోనే కారు మనసు తెలుసుకోగలిగిన చక్కని ఏర్పాటు ఇది.

13 ఆక్సిజన్ సెన్సర్ సర్క్యూట్‌కు, 14, 15 కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌కు, 21, 22 థ్రోటిల్ సెన్సర్‌కు సంబంధించినవి. 15 వస్తే వోల్టేజి ఎక్కువగా ఉందని అర్థం. తీగ తెగినా ఇదే వస్తుంది. అప్పుడు కంప్యూటరు ఇంజిన్ బాగా చల్లగా ఉందని భావించి పెట్రోలు ఎక్కువగా పోస్తుంది. ఇలాంటప్పుడు సెన్సర్ ప్లగ్ ఊడదీసి, దాని రెండు తీగలనూ కలిపి చూడాలి. కోడ్ 14గా (వోల్టేజి తక్కువ) మారితే తీగలు బాగున్నట్టే, అనుమానం సెన్సర్ మీదికి పోతుంది. మారకపోతే లోపం తీగల్లోనో కంప్యూటరులోనో ఉంటుంది. అలాగే పొగలో ఆక్సిజన్ ఎక్కువైందని చెప్పే 44 వచ్చినంత మాత్రాన ఆక్సిజన్ సెన్సర్ మార్చనక్కర్లేదు. ఎగ్జాస్ట్ గొట్టం చీలినా, వాక్యూమ్ గొట్టం ఊడినా ఆ కోడే వస్తుంది. అందుకే కోడ్ చూసి భాగాలు మార్చుకుంటూ పోయేవాడికన్నా, వోల్ట్‌మీటరు పట్టుకుని తీగ వెంట నడిచేవాడే మంచి మెకానిక్ అనిపించుకునేవాడు. బ్యాటరీ తీస్తే కోడ్‌లు చెరిగిపోతాయి, లోపం చెరగదు.

ఇతర కంపెనీలకు వేరే పద్ధతులు ఉండేవి. ఫోర్డ్ కార్లలో వోల్ట్‌మీటరు ముల్లు కొట్టుకోవడాన్ని లెక్కపెట్టేవారు. క్రైస్లర్ కార్లలో తాళాన్ని వరుసగా ఆన్-ఆఫ్ చేసేవారు. అనేక హోండా కార్లలో కంప్యూటరు పెట్టె మీదే చిన్న దీపం వెలిగేది.

ఉమ్మడి ప్రమాణం

కాలిఫోర్నియా నియమాలు 1988 మోడళ్ల నుంచి స్వయం పరీక్షను తప్పనిసరి చేశాయి. 1996 నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్) ప్రమాణం, 16 పిన్నుల సాకెట్ వచ్చాయి. ఈ ప్రమాణంలో పీ0300 అంటే మిస్‌ఫైర్, పీ0420 అంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గడం. ఐరోపా 2001లో పెట్రోలు కార్లకు ఇదే బాట పట్టింది.

భారతదేశంలో

భారత్ స్టేజ్-4 నియమాలు 2010లో హైదరాబాద్ సహా ఎంపిక చేసిన నగరాల్లో, 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమలయ్యాయి. వీటితోపాటే ఓబీడీ కూడా దశలవారీగా తప్పనిసరి అయింది. అంతకు ముందరి ఎంపీఎఫ్ఐ (మల్టీ-పాయింట్ ఫ్యూయెల్ ఇంజెక్షన్) కార్లలో కొన్నిటికి కోడ్‌లు చదివే సాధారణ స్కానర్ పలకదు. వాటికి ఆ కంపెనీ సర్వీస్ పుస్తకం, ఒక మల్టీమీటరు, ఓపిక కావాలి.